బొంత ప్రాజెక్టు డైరీ: ముట్టుకుంటే పలికే పాత చీరలు

2020 జూన్ 6, శనివారం

ఈరోజు మా అమ్మాయిని తీసుకుని అమెరికాలోని మినియాపొలిస్‌లో 38వ వీధి, చికాగో అవెన్యూ కలిసే చోటికి వెళ్ళాను. మేముండే ఈడెన్ ప్రెయిరీ నుంచి కారులో అరగంట దారి. ఈ ఊరొచ్చి ఆరేళ్ళయినా అక్కడ ఒక్కసారి కూడా కారు దిగలేదు. పోలీసు మెడ మీద మోకాలు పెట్టి నొక్కడంతో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి అక్కడ చనిపోయి ఈరోజుకి 12 రోజులు. రోడ్డు మధ్యలో పూలు గుట్టలుగా పడి ఎండకి వాడిపోతున్నాయి, పక్కన ఎవరో మంచినీళ్ళ సీసాలూ మాస్కులూ ఉచితంగా పంచుతున్నారు. ఆ మూలనున్న కొట్టు పక్కగోడ మీద పెద్ద బొమ్మ ఉంది. పొద్దుతిరుగుడు పువ్వు, ముందు ఆయన ముఖం, పువ్వు మధ్యలో పోలీసుల చేతుల్లో పోయిన ఇంకెందరివో పేర్లు. గ్జీనా గోల్డ్‌మన్, కేడెక్స్ హెర్రెరా, గ్రెటా మెక్లేన్ అనే కళాకారులు తోటివాళ్ళతో కలిసి, ఆయన పోయిన కొద్ది రోజులకే వేశారు.

తిరిగొస్తుంటే మా అమ్మాయి అడిగింది, "అమ్మా, ఇంత దగ్గరుంటే మనం ముందెప్పుడూ ఎందుకు రాలేదు?" అని. దానికి పదమూడేళ్ళు. నా దగ్గర జవాబు లేదు, రేడియో పెట్టాను.

ఇంటికొచ్చాక కుట్టుమిషన్ పక్కనున్న సంచీ కనబడింది. ఏప్రిల్ మొదట్లో గుడ్డ మాస్కులు పెట్టుకోమని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పినప్పటి నుంచి మేం కొంతమంది తెలుగు ఆడవాళ్ళం ఇళ్ళల్లో కూర్చుని మాస్కులు కుడుతున్నాం, నా వంతు ఇప్పటికి 340 అయ్యాయి. మిగిలిన ముక్కలన్నీ ఆ సంచీలోనే ఉన్నాయి. మంగళగిరి నూలు, వెంకటగిరి అంచులు, మావారి పాత చొక్కాలు. ఆ ముక్కలతో బొంత కుట్టాలనిపించింది. మామూలు బొంత కాదు, ముట్టుకుంటే మాట్లాడే బొంత. ఊపిరి ఆడక పోయినవాళ్ళ గురించి, ఆసుపత్రిలో పోయినవాళ్ళకీ రోడ్డు మీద పోయినాయనకీ కలిపి ఒకటే బొంత. ఫ్లాయిడ్‌కి ఏప్రిల్‌లో కరోనా వచ్చిందని శవపరీక్షలో తేలింది. అంతకుముందు క్లబ్బులో సెక్యూరిటీగా చేసేవాడు, లాక్‌డౌన్‌తో ఆ పని పోయింది. రెండు కష్టాలూ ఒకే మనిషి ఒంటి మీద ఉన్నాయి. నేను వాటిని విడదీసి రెండు వస్తువులు చేయలేను.

ఏం చేశానో, ఎక్కడ తప్పు పోయానో ఇక్కడ రాసుకుంటూ పోతాను.

2020 జూన్ 14

గుడ్డ పని మొదలుపెట్టాను. కొలత ఆరడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు. అడుగున ముదురు రంగు నేత చీర, మధ్యలో రెండు పొరల పాత పంచె, పైన ముక్కలు. మధ్యలో రెండడుగుల చదరం మాత్రం తెల్లగా ఉంచుతున్నాను, అది నాన్న పంచె. దాని మీద ప్రొజెక్టర్‌తో వీడియో పడుతుంది. చుట్టూ 12 ముక్కలు, ఒక్కో ముక్క ముట్టుకుంటే ఒక్కో గొంతు.

మిషన్ మీద కుట్టి చూశాను, ముడతలొచ్చి అట్టలా బిగుసుకుపోయింది. బొంతని దబ్బనంతో, దూరం దూరంగా పొడుగు కుట్లతో చేత్తోనే కుట్టాలి, అప్పుడే మెత్తగా ఒంటికి అంటుకుంటుంది. ఇది నాకు ఎవరూ నేర్పలేదు, చిన్నప్పుడు చూశానంతే. తెనాలి పక్కన మా ఊళ్ళో, కోతలయ్యాక ఎండాకాలం మధ్యాహ్నాలు ఒకామె మాలపల్లె నుంచి వచ్చి మా అరుగు కింద నేల మీద కూర్చుని కుట్టేది. అరుగు మీద కాదు. నాయనమ్మ పాత చీరలు పైనుంచి వేసేది, ఆమె కింద పట్టుకునేది. మంచినీళ్ళూ అంతే, పైనుంచి దోసిట్లో పోయడమే. నాలుగు రోజులు ఆమె ఒళ్ళో పెట్టుకుని కుట్టిన బొంత మీద నాయనమ్మ పసుపు నీళ్ళు చల్లి ఎండలో ఆరేసి, అప్పుడు లోపలికి తెచ్చేది. ఆ బొంత కప్పుకునే నేను పదేళ్ళు పడుకున్నాను.

ఇది రాద్దామని కూర్చోలేదు. కుట్లు పడుతుంటే చేతికి ఆమె చెయ్యి గుర్తొచ్చింది.

2020 జూలై 3

ఎలక్ట్రానిక్స్. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగే గానీ టంకం వేయడం ఈ వయసులో కొత్తగా నేర్చుకున్నాను. సామాను ఇది: ఆర్డుయినో అనే చిన్న కంప్యూటరు లాంటి బోర్డు ఒకటి, స్పర్శ పట్టుకునే ఎంపీఆర్121 అనే చిన్న బోర్డు ఒకటి (దానికి సరిగ్గా 12 పాయింట్లుంటాయి, ముక్కలు 12 పెట్టింది అందుకే), మెమరీ కార్డులోంచి పాటలు వాయించే చిన్న ఎంపీ3 మాడ్యూల్ ఒకటి, రెండు స్పీకర్లు. ముక్కకీ బోర్డుకీ మధ్య వైరు బదులు స్టీలు దారం కుడతాం. చూడ్డానికి బూడిదరంగు దారంలాగే ఉంటుంది, కరెంటు పారుతుంది. మనిషి వేలు దగ్గరికొస్తే ఆ దారం దగ్గర కెపాసిటెన్స్ (విద్యుత్తును నిలవుంచుకునే గుణం) కొంచెం మారుతుంది, బోర్డు అది గమనించి ఫలానా పాయింటు అని చెబుతుంది, మాడ్యూల్ ఆ నంబరు ఆడియో వాయిస్తుంది. అంతే సూత్రం.

సూత్రం తేలికే గానీ మొదటి రోజంతా బొంత తనంతట తానే మాట్లాడింది. కారణం వెతికితే, స్టీలు దారం పొరల మధ్య ఒకదాని మీద ఒకటి దాటే చోట రెండూ కలిసిపోతున్నాయి. మూడో ముక్క ముట్టుకుంటే ఎనిమిదోది పలుకుతోంది. విప్పి, ప్రతి దారానికీ వేరే దారి గీసుకుని, దాటక తప్పని నాలుగు చోట్ల మధ్యలో మందపాటి గుడ్డపట్టీ వేసి మళ్ళీ కుట్టాను. ఎవరైనా ఇలాంటిది చేస్తుంటే ముందే కాగితం మీద దారులు గీసుకోండి, నాకు ఆరు సాయంత్రాలు పోయాయి.

2020 జూలై 19

ఈరోజు రాసేది ముఖ్యం.

నేను మొదట అనుకున్నది ఏంటంటే, తెల్ల చదరం మీద ఫ్లాయిడ్ చనిపోతుండగా తీసిన ఆ వీడియోలోంచే కొన్ని క్షణాలు, ఒక ముక్కలో ఆయన చివరి మాటల ఆడియో. డార్నెల్లా ఫ్రేజియర్ అనే 17 ఏళ్ళ అమ్మాయి ఫోన్లో తీసి ఉండకపోతే ప్రపంచానికి నిజం తెలిసేదే కాదు, కాబట్టి అది నా బొంతలో ఉండాల్సిందే అనుకున్నాను. ఆడియో కత్తిరించి పెట్టుకున్నాను కూడా.

మేం ఆన్‌లైన్‌లో కలిసే కుట్టుపని బృందంలో ఒక నల్లజాతి పెద్దావిడ ఉంది, డెబ్భై దాటాయి, యాభై ఏళ్ళుగా క్విల్టులు (ఇక్కడి ముక్కల బొంతలు) కుడుతోంది. ఆవిడకి చూపించాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా ఒకటి అడిగింది, మీ ఇంట్లో ఎవరైనా పోతే ఆ చివరి నిమిషం మళ్ళీ మళ్ళీ వినిపించే వస్తువు చేస్తావా అని. చేయనన్నాను. మరి మా ఇంట్లోవాళ్ళదయితే ఎందుకు చేస్తున్నావంది. కోపంగా అనలేదు. ఆ చావు అందరూ చూశారు, నువ్వు చూసింది, నీకు మాత్రమే తెలిసింది ఏదైనా ఉంటే అది పెట్టు అంది.

ఆ రాత్రే ఆడియో ఫైలు తీసేశాను. తీసేశాక బొంతలో ఏం మిగిలిందో చూసుకుంటే ఏమీ లేదు, రంగుగుడ్డలూ వైర్లూ.

ఆవిడే కెరొలిన్ మజ్లూమీ పేరు చెప్పింది. ఒకప్పుడు ఏరోస్పేస్ ఇంజనీరు, విమెన్ ఆఫ్ కలర్ క్విల్టర్స్ నెట్‌వర్క్ అనే సంఘం స్థాపించినావిడ. ఇక్కడి టెక్స్‌టైల్ సెంటర్‌తో కలిసి ఈ వేసవిలోనే 'వీ ఆర్ ద స్టోరీ' అని మినియాపొలిస్ చుట్టుపక్కల క్విల్టు ప్రదర్శనలు పెట్టిస్తోంది, ఫ్లాయిడ్ చనిపోయింది ఈ ఊళ్ళో కాబట్టి ఇక్కడే అని. అలబామాలో గీస్ బెండ్ అనే పల్లె నల్లజాతి ఆడవాళ్ళు పొలం పనికి వేసుకుని చిరిగిన బట్టలతో కుట్టిన క్విల్టులు ఇప్పుడు పెద్ద మ్యూజియంలలో ఉన్నాయి. మా అరుగు కింద కూర్చున్నామె కుట్టినవి ఎక్కడున్నాయి? మా ఇంట్లో చిరిగాక కాళ్ళు తుడుచుకునే పట్టాలయ్యాయి.

2020 ఆగస్టు 6

తేదీ చూసి అమ్మకి ఫోన్ చేశాను. 1991లో ఇదే రోజు చుండూరులో దళితుల్ని వెంటాడి చంపి, శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. 8 మంది. మా ఊరు అక్కడికి దగ్గర. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నాకు గుర్తున్నది వీధి తలుపు వేసి ఉండటం, మగవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకోవడం, నన్ను ఆడుకోడానికి బయటికి పంపకపోవడం. ఆ తర్వాత బొంతలు కుట్టే ఆమె కూడా మా ఇంటికి రాలేదు.

"అమ్మా, బొంతలు కుట్టేదే, ఆమె పేరేంటి?" అని అడిగాను.

"ఎవరే?"

"అరుగు కింద కూర్చునేది కదా."

"ఓ, ఆమా. పేరేంటో ఏమోనే. బొంతలామె అనేవాళ్ళం. ఎందుకిప్పుడు?"

"ఆ గొడవల తర్వాత ఎందుకు రాలేదమ్మా?"

అమ్మ కాసేపు ఆగింది. "మీ తాతయ్య వద్దన్నాడు. ఇప్పుడవన్నీ తవ్వుకోవడం ఎందుకమ్మా, నీ ఉద్యోగం నువ్వు చేసుకోక" అని, వంకాయలు ఎంతకొన్నదో చెప్పడం మొదలుపెట్టింది.

38వ వీధికి ఒక వీధి ఇవతల పచ్చికలో వందకు పైగా తెల్లటి సమాధి రాళ్ళ ఆకారాలు పెట్టారు, ఒక్కో దాని మీద పోలీసుల చేతుల్లో చనిపోయిన ఒక్కో నల్లజాతి మనిషి పేరు. ఆ పేర్లు పైకి చదవమని ఇక్కడ అందరూ అంటుంటే నేనూ నిలబడి చదివాను, మా అమ్మాయి చేత చదివించాను. నాలుగు రోజులు మా గడపలో కూర్చుని నాకు బొంత కుట్టినామె పేరు నాకు తెలియదు.

ఇదీ నేను చూసింది, నాకు మాత్రమే తెలిసింది. పెద్దావిడ అడిగింది ఇదేననుకుంటున్నాను. ఇవాళ్టి నుంచి బొంతలో గొంతులన్నీ మా వాళ్ళవే. మా ఇళ్ళల్లో ఏమన్నామో, ఏం అనకుండా ఊరుకున్నామో అదే.

2020 సెప్టెంబరు 20

బొంత పలకాలంటే ముట్టుకోవాలి. కరోనా రోజుల్లో పదిమంది ఒకే గుడ్డ ముట్టుకుంటారా? మార్చి నుంచి కూరగాయలు కూడా సబ్బునీళ్ళతో కడుగుతున్న మనుషులం.

ఎంపీఆర్121 బోర్డులో దగ్గరితనం పట్టుకునే పద్ధతి కూడా ఉంది. స్టీలు దారాన్ని ముక్క నిండా చుట్టలు చుట్టలుగా జిలేబీలా కుడితే, చెయ్యి రెండంగుళాల దూరంలో ఉండగానే గ్రహిస్తుంది. మూడు వారాలు కూర్చుని 12 ముక్కలూ అలా మార్చాను, ఒక్కో ముక్కకీ ఎంత మార్పొస్తే పలకాలో ఆ అంకెల్ని విడివిడిగా సరిచేశాను. పనిచేసింది. చెయ్యి గాల్లో ఉంచితే గొంతు వస్తుంది. చాలా సంతోషపడ్డాను.

తర్వాత పక్కన పెట్టే అట్ట మీద రెండు భాషల్లో రాయాలి కదా, 'దయచేసి ముట్టుకోకండి' అని తెలుగులో రాసి, చదివి, అలాగే ఉండిపోయాను. మళ్ళీ నేనూ నాయనమ్మ రాసిన అట్టే రాస్తున్నాను. 'సామాజిక దూరం' అనకండి, 'భౌతిక దూరం' అనండి, ఆ మొదటి మాటకి మన దగ్గర వేరే చరిత్ర ఉంది అని ఈ ఏడాది చాలామంది చెబుతుంటే విన్నాను, బుర్రతో ఒప్పుకున్నాను కూడా. చేత్తో రాసేటప్పుడు గానీ అర్థం కాలేదు.

ప్రస్తుతానికి అట్ట లేకుండా వదిలేశాను. సెన్సర్ మాత్రం అలాగే ఉంది.

2020 నవంబరు 8

గొంతులు పోగుచేస్తున్నాను. తెలిసినవాళ్ళందరికీ ఫోన్ చేసి, రెండు నిమిషాలు రికార్డు చేసి పంపమని అడుగుతున్నాను. ప్రశ్న ఒక్కటే: మీ ఇంట్లో నల్లజాతి వాళ్ళ గురించి, మన ఊళ్ళో మాలపల్లె వాళ్ళ గురించి ఏమనేవాళ్ళు? పేర్లు చెప్పక్కర్లేదు. 31 మందిని అడిగాను, 9 మంది పంపారు. కొందరు మర్యాదగా తప్పుకున్నారు, ఇద్దరు నాతో మాట్లాడటం మానేశారు. ఒక స్నేహితురాలు మూడుసార్లు రికార్డు చేసి మూడుసార్లూ చెరిపేసి, చివరికి ఏడుస్తూ ఫోన్ చేసింది, నాకు నోరు రావట్లేదే అని. ఆ మాటే పంపమన్నాను. పంపింది. ఐదో ముక్క అది.

రెండో ముక్కలో నా గొంతే. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేథాలో తెలుగు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చి చంపినప్పుడు మన తెలుగు వాళ్ళ గ్రూపులన్నీ ఏడ్చాయి. నేను వారం రోజులు సరిగా నిద్రపోలేదు, మావారిని తెలుగులో పైకి మాట్లాడకు అని షాపుల్లో చెయ్యి నొక్కేదాన్ని. అంతకు ఏడు నెలల ముందు, 2016 జూలైలో, ఇక్కడే ఫాల్కన్ హైట్స్‌లో ఫిలాండో కాస్టీల్ అనే నల్లజాతి మనిషిని ఆయన కారులోనే ఒక పోలీసు కాల్చేశాడు. బడిలో పిల్లలకి భోజనం పెట్టే చోట సూపర్‌వైజరు, పక్కన స్నేహితురాలు, వెనక సీట్లో ఆమె నాలుగేళ్ళ పాప. ఆ వారం జనం నిరసనగా ఐ-94 హైవే మీద కూర్చుంటే అదే గ్రూపులో నేను పెట్టిన మెసేజ్ వెతికి తీశాను: "94 బ్లాక్ చేశారు, 694 మీద రండి." ఆ ఒక్క వాక్యమే పైకి చదివి రికార్డు చేశాను. ఇంకేమీ కలపలేదు.

నాలుగో ముక్క మా అమ్మాయి కోరింది. మే 28 రాత్రి ఆందోళనల్లో థర్డ్ ప్రిసింక్ట్ పోలీస్ స్టేషన్ తగలబడినప్పుడు దగ్గర్లోనే ఉన్న గాంధీ మహల్ అనే హోటల్ కూడా మంటల్లో పోయింది. దాని యజమాని రుహేల్ ఇస్లాం, బంగ్లాదేశ్ నుంచి వచ్చినాయన. దెబ్బలు తగిలిన ఆందోళనకారులకి కట్లు కట్టడానికి ఆ హోటల్ తెరిచిచ్చాడు. అది కాలిపోయాక కూడా బిల్డింగ్ పోతే పోనీ, న్యాయం జరగాలి అన్నాడు. మా ఇంట్లో ఆ రాత్రి మేం మాట్లాడుకున్నది మన ఇన్సూరెన్స్ గురించి, అది నాకు గుర్తుంది, అది చెబుతా అంది మా అమ్మాయి. చెప్పింది. మావారు విని కాసేపు బయట నడిచొచ్చి, ఉంచు అన్నారు.

2021 జనవరి 17

చలి. బయట సున్నాకి దిగువన, లోపల హీటర్ గాలికి అంతా ఎండిపోయి, బొంత దగ్గరికెళ్తే చాలు చిటుక్కుమని షాక్ కొడుతోంది. ఒక స్పర్శ బోర్డు ఆ దెబ్బకే చచ్చిపోయింది. కొత్తది తెప్పించి, ప్రతి దారం దగ్గరా చిన్న రెసిస్టర్ వేసి, గదిలో తేమ యంత్రం పెట్టాక నిలబడింది.

వీడియో కూడా అయింది. చావు వీడియో బదులు, పైనుంచి ఫోన్ పెట్టి నా చేతులు బొంత కుడుతున్నది ఎక్కడా కత్తిరించకుండా 8 నిమిషాల 46 సెకన్లు తీశాను. 131 కుట్లు పడ్డాయి. అంతసేపు ఆపకుండా కుట్టాక వేళ్ళు లాగేశాయి. ఏడో నిమిషం నుంచి చెయ్యి ఆపేయాలని ఎంత అనిపించిందో. మనిషి మెడ మీద మోకాలు పెట్టినాయన అంతసేపు ఆపలేదు.

2021 మార్చి 30

ఫ్లాయిడ్ మెడ మీద మోకాలు పెట్టిన పోలీసు డెరెక్ షోవిన్ మీద నిన్న విచారణ మొదలైంది. ప్రాసిక్యూటర్ చెప్పిన లెక్క 9 నిమిషాల 29 సెకన్లు. మనందరం పది నెలలుగా పట్టుకున్న 8:46 తక్కువ. 43 సెకన్లు.

వీడియోకి ఆ 43 సెకన్లు అతికించొచ్చు. మనసొప్పలేదు. మళ్ళీ మొదటి నుంచి మొత్తం కుట్టాను. ఈసారి 142.

2021 ఏప్రిల్ 13

మొన్న ఆదివారం బ్రూక్లిన్ సెంటర్‌లో డాంటే రైట్‌ని పోలీసులు కారు ఆపి కాల్చేశారు. ఇరవై ఏళ్ళు. షోవిన్ విచారణ జరుగుతున్న కోర్టుకి పది మైళ్ళ దూరంలో. మళ్ళీ కర్ఫ్యూ. ఈరోజు కుట్టలేదు.

ఒక్క మార్పు రాసి ఆపేస్తాను. వస్తువులు ముట్టుకోవడం వల్ల కరోనా వచ్చే అవకాశం మామూలుగా పదివేలలో ఒకటికన్నా తక్కువని ఈ నెల 5న సీడీసీ చెప్పింది. సెన్సర్‌ని మళ్ళీ స్పర్శకి మార్చేస్తున్నాను. పక్కన శానిటైజర్ పెడతాను. అట్ట మీద 'ముట్టుకోండి' అని రాస్తాను.

2021 ఏప్రిల్ 21

నిన్న సాయంత్రం నాలుగింటికి తీర్పొచ్చింది, మూడు నేరాల్లోనూ దోషి. మా అమ్మాయి ఏడ్చింది. నేను అమ్మకి ఫోన్ చేశాను, అక్కడ తెల్లవారుజాము, అయినా లేచే ఉంది. చెప్పాను. అమ్మ ఒక నిమిషం ఏమీ అనలేదు. "చుండూరు కేసులో కూడా వేశారు కదే శిక్షలు" అంది. అవునమ్మా, 2007లో 21 మందికి యావజ్జీవం, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది అన్నాను. అమ్మకి ఆ రెండోది తెలుసు. తెలిసే అడిగిందనిపించింది.

పెట్టేసేముందు, "ఆ బొంతలామె పేరు కనుక్కున్నానే. పాలు పోసే అబ్బాయిని అడిగితే వాళ్ళ మనవడి నంబరిచ్చాడు" అంది.

ఎనిమిది నెలలు నాతో వంకాయల గురించి మాట్లాడుతూనే అమ్మ కనుక్కుంటోంది.

2021 మే 9

బాబాయి పోయాడు. ఆక్సిజన్ పడక కోసం ముగ్గురం మూడు దేశాల నుంచి రెండు రాత్రులు ఫోన్లు చేశాం. పడక దొరికింది గానీ ఆలస్యమైంది. వెళ్ళడానికి లేదు, ఇండియా నుంచి వచ్చేవాళ్ళ మీద ఇక్కడ ఆంక్షలు పెట్టారు, వెళ్తే వీసా మీదున్న నేను ఎప్పుడు తిరిగొస్తానో తెలియదు. జూమ్‌లో చూశాం. పీపీఈ కిట్లు వేసుకున్న కుర్రాళ్ళు నలుగురు మోశారు. ఆ నలుగురూ ఎవరని పిన్ని అడిగింది. మున్సిపాలిటీ వాళ్ళట. బతికుండగా వాళ్ళని బాబాయి గడప దాటనివ్వలేదు. అది పిన్నే అంది, నేను కాదు.

బాబాయి చివరి వాయిస్ మెసేజ్ నా ఫోన్లో ఉంది. పద్నాలుగు సెకన్లు, మధ్యలో మూడుసార్లు ఊపిరికి ఆగాడు. తొమ్మిదో ముక్క ఖాళీగానే ఉంది. పెద్దావిడ అడిగిన ప్రశ్న ఇప్పుడు నా ఇంట్లోకే వచ్చింది. పెట్టలేను. పిన్నిని అడిగితే, ఆ మెసేజ్ వద్దు, ఆయన్ని ఎవరు మోశారో ఆ మాట నేను చెబుతాను, అది పెట్టమంది. 52 సెకన్లు.

2021 జూన్ 12, శనివారం

ఇక్కడి తెలుగు వాళ్ళ కార్యక్రమంలో పెడదామని అడిగితే రాజకీయాలొద్దండీ అన్నారు. అందుకని మా గరాజ్‌లోనే. కారు తీసి, కిటికీలకి నల్ల గుడ్డ కట్టి, నేల మీద చాప పరిచి దాని మీద బొంత, పైకప్పుకి ప్రొజెక్టర్. గోడకి వేలాడదీయలేదు, కూర్చుంటేనే అందాలి. అరుగు కింద నేల ఎత్తులోనే.

పొద్దున్నుంచి 23 మంది వచ్చారు. తెలుగు వాళ్ళు 11. ఒకాయన రెండో ముక్క మీద చెయ్యి పెట్టి "694 మీద రండి" విని, ఆ మెసేజ్‌కి కింద థ్యాంక్స్ పెట్టింది నేనేనండీ అన్నాడు. మళ్ళీ మళ్ళీ విన్నాడు. మా అమ్మాయి శానిటైజర్ సీసా పట్టుకుని గుమ్మంలో నిలబడి అందరికీ ముట్టుకోండి, ముట్టుకోండి అని చెప్పింది.

పన్నెండో ముక్కలో గొంతు లేదు. ముదురు ఎరుపు గుడ్డ మీద తెల్ల దారంతో ఆమె పేరు కుట్టాను, తెలుగులో. మనవడికి ఫోన్ చేసి అడిగాకే కుట్టాను. నవ్వి, మా జేజికి బొంతలంటే ప్రాణం, వేసుకోండి అన్నాడు. తర్వాత కాసేపాగి, మీ అరుగు గురించి చెప్పేదండీ అన్నాడు. ఏం చెప్పేదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఇంకోసారి చేస్తానన్నాను. పేరు బొంత మీద వేసుకోవడానికే అడిగాను కాబట్టి ఇక్కడ రాయట్లేదు.

సాయంత్రం పెద్దావిడ వచ్చింది, కూతురు చెయ్యి పట్టుకుని. గరాజ్ గుమ్మం మెట్టు దగ్గర ఆగితే నేనూ ఇంకో చెయ్యి పట్టుకున్నాను. పదిహేను నెలల్లో మా ఇంటి బయటి మనిషిని నేను ముట్టుకోవడం అదే మొదలు. చాప మీద కూర్చోడానికి మోకాళ్ళు సహకరించక కష్టపడింది, కుర్చీ తెస్తానన్నా వద్దంది. గొంతులన్నీ విన్నది, మా అమ్మాయి పక్కన కూర్చుని ఒక్కోటీ ఇంగ్లీషులో చెప్పింది. వీడియో 9 నిమిషాల 29 సెకన్లూ కదలకుండా చూసింది. తర్వాత ఏమీ అనకుండా బొంత మూల పట్టుకుని తిరగేసింది, కుట్టేవాళ్ళు ఎవరైనా ముందు వెనకవైపే చూస్తారు. స్టీలు దారాల దారులు, గుడ్డపట్టీలు, విప్పి మళ్ళీ కుట్టిన గుర్తులు అన్నిటి మీదా వేలు పోనిచ్చింది. ఒకచోట ఆగి, ఇక్కడ ముడి వదులైంది, ఉతికితే ఊడిపోతుంది అని చూపించింది. ఏడో ముక్క దగ్గర.

రాత్రి విప్పి చూశాను, ముడితో పాటు టంకం కూడా కదిలింది. సూది, ఎర్ర దారం బయట పెట్టాను. రేపు ఆవిడ మళ్ళీ వస్తానంది, ఆ ముడి తనే వేస్తానంది.